రథం మీది గొడుగు

ఏదీ, ఆ ఫోను ఇటు తేరా చిన్నోడా. నెగడుకి కాస్త ఎడంగా పట్టుకో, పొగకి కళ్ళు మండుతున్నాయి. అబ్బో! మైసూరు కోట ఇదేనా? ఎన్ని దీపాలురా! దగ్గరదగ్గర లక్ష బల్బులా? కరెంటు బిల్లు ఎవరు కడతారో గానీ, చూడ్డానికి మాత్రం రెండు కళ్ళు చాలవు. దసరాకి ఏనుగు మీద బంగారు అంబారీ కూడా చూశారా? అదృష్టవంతులు.

బొమ్మలన్నీ బాగున్నాయి. ఇందాక నువ్వన్న మాటే బాలేదు. "రాజుల ఊరంటే ఇదీ తాతా. మన జగదల్‌పూర్‌లో ఏముంది, సున్నం కొట్టిన పాత మేడ తప్ప" అన్నావా లేదా? నీ చెల్లెలే సాక్ష్యం. కూర్చో. పొద్దున్నే పోలంపల్లి పోవాలి, కొత్త దుకాణం పనుందని తప్పించుకోకు. ఈ చింతపిక్కలు వేగేదాకా చెబుతా, ఆ తర్వాత నీ ఇష్టం. శబరి మీంచి గాలి కొడుతోంది, ఆ దుంగ లోపలికి నెట్టు.

నేను జగదల్‌పూర్ మొదటిసారి చూసింది 1967 దసరాకి. అప్పుడు నాకు పదకొండేళ్ళు. అంతకు ముందు నుంచే మా నాయన ప్రాణం తోడేస్తున్నా, బస్తర్ రాజుని చూపించమని. ఆయన ఒకసారి దూరం నుంచి చూశాడు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్‌ని. "భుజాల మీదికి జుట్టు. నిలబడితే రాజో సాధువో తెలీదురా" అనేవాడు. వచ్చే ఏడు తీసుకెళ్తా, వచ్చే ఏడు తీసుకెళ్తా అంటుండగానే 1966 మార్చి 25 వచ్చింది. జగదల్‌పూర్ కోటలోనే, పోలీసు కాల్పుల్లో రాజు పోయాడు. ఆయనతో పాటు కోటలో ఉన్న ఆదివాసులూ పోయారు.

ఆ కబురు మన దోర్నపాల్‌కి సంత రోజున చేరింది. దోర్ల ఆదివాసులు బుట్టలతో వచ్చారు, బుట్టలు దించలేదు. తూయించుకోలేదు. చెట్ల కింద కాసేపు కూర్చుని, ఎవరితో ఏమీ అనకుండా లేచి అడవి దారి పట్టారు. సంత నిండా జనం ఉండి కూడా తక్కెడ పళ్ళెం చప్పుడు వినబడని రోజు నా జన్మలో అదొక్కటే.

అందుకని మరుసటి ఏడు మా నాయన "పద, దసరాకి పోదాం" అంటే నాకు ఏడుపొచ్చింది. రాజు లేని ఊళ్ళో ఏం చూడాలి? "ముందు పద, అక్కడ చూద్దువుగాని" అన్నాడు. ఎడ్లబండి మీద సుక్మా దాకా నలభై కిలోమీటర్లు. అక్కడి నుంచి ఇంకో వంద, బస్తాల లారీ మీద. ఇప్పుడు మీరు పాటలు వింటూ మూడు గంటల్లో పోతున్న రోడ్డే అది. తోంగ్‌పాల్ దాటాక చీకటి పడింది. దర్భా ఘాటు ఎక్కుతుంటే లారీ మూలుగుతోంది, చలికి నేను గోనె సంచిలో దూరా. అక్కడ మొదలుపెట్టాడు మా నాయన, ఆ రాజుల మూలపురుషుడు అన్నమదేవుడి కథ.

ఓరుగల్లు 1323లో పడిపోయింది. ఢిల్లీ సైన్యం ప్రతాపరుద్రుణ్ణి పట్టుకుని తీసుకుపోతుంటే ఆయన దారిలోనే, నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడు. తమ్ముడు అన్నమదేవుడు మాత్రం గోదావరి దాటి ఈ అడవుల్లోకి వచ్చాడు. వాళ్ళ కులదేవత దంతేశ్వరి అమ్మ ఆయనతో అందట: "నువ్వు ముందు నడువు, నీ వెనకాలే నేనొస్తా. నా అందెల చప్పుడు వింటూ పో. ఎంత దూరం నడిస్తే అంత నేల నీది. తిరిగి మాత్రం చూడకు." నడిచాడు, నడిచాడు. శంఖిని, డంకిని కలిసేచోట ఏరు దాటుతుంటే అమ్మ పాదాలు ఇసకలో దిగి అందెల చప్పుడు ఆగింది. ఉందో లేదోనని తిరిగి చూశాడు. అంతే, అమ్మ అక్కడే ఆగిపోయింది. అదే దంతెవాడ.

"తిరిగి చూడకపోయుంటే?" అనడిగా. "చూడకుండా ఎలా ఉంటాడురా, ఊరు వదిలి వచ్చినోడు?" అన్నాడు మా నాయన. ఆయనా గోదావరి దాటి వచ్చినోడే కదా. భద్రాచలం వైపు నుంచి ఒక కావిడి, ఒక తక్కెడ, రెండు ఉప్పు బస్తాలతో వచ్చాడు. రాజుది కత్తి, మనది తక్కెడ, అంతే తేడా. దారి ఒకటే.

ఇది ఉత్త కథ అనుకునేవు. దంతెవాడలో 1703 నాటి రాతి శాసనం ఉంది, దిక్పాలదేవుడనే రాజు వేయించింది. తాము కాకతి వంశం వాళ్ళమని అందులో చెప్పుకున్నాడు. అదే మాటని రెండు రాళ్ళ మీద చెక్కించాడు. ఒకటి సంస్కృతం, ఒకటి జనం మాట్లాడే భాష. కలికాలంలో సంస్కృతం చదివేవాళ్ళు తక్కువైపోతారు గనక రెండోది రాయించానని కూడా చెప్పుకున్నాడు. ఎంత ముందుచూపో చూడు. ఇంకా వెనక్కి పోతే, అన్నమదేవుడు రాకముందే, నాగవంశం వాళ్ళు ఏలిన రోజుల్లో బార్సూరులో తెలుగు శాసనమే ఉంది. అంటే మన మాట ఈ అడవికి వెయ్యేళ్ళ నాటి చుట్టం. రాజు పిల్లలు మాత్రం హల్బీలోకి, ఒరియాలోకి, హిందీలోకి వెళ్ళిపోయారు. నవ్వుతావేంట్రా? నువ్వు మీ చెల్లెల్ని తిట్టేది ఏ భాషలో? హిందీలోనేగా!

తెల్లారేసరికి జగదల్‌పూర్. ముందు చెరువు కనబడింది. సముద్రం అనుకున్నా. దల్పత్ సాగర్. దల్పత్‌దేవ్ అనే రాజు పద్దెనిమిదో శతాబ్దంలో రాజధానిని ఇక్కడికి మార్చి, ఆ చెరువు తవ్వించాడు. అంతకు ముందు రాజధాని బస్తర్ అనే ఊరు, ఆ పేరే రాజ్యానికీ ఉండిపోయింది. ఇక్కడ అప్పుడున్నది జగ్తూ అనే పెద్ద పేరు మీద జగ్తూగూడ అనే చిన్న పల్లె. రాజు వేటకొస్తే ఈ నేల మీద ఒక కుందేలు వేటకుక్కల మీదికే తిరగబడిందట. ఆ పౌరుషం చూసి ఇక్కడ కోట కట్టాడంటారు. పేరులో ముందు జగ్తూ, వెనక దల్పత్, రెండూ కలిసి జగదల్‌పూర్. పల్లె పెద్ద పేరు ముందు, రాజు పేరు వెనక. ఇది గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

గోల్ బజారులో మా నాయనకి తెలిసిన కొట్టు అరుగు మీద దిగాం. ఆ కొట్లో బస్తాలు దించే హల్బా ముసలాయన ఒకడు నన్ను వెంటేసుకుని ఊరంతా తిప్పాడు. నాకు హల్బీ రాదు, ఆయనకి తెలుగు రాదు. దోర్నపాల్ సంతలో ఏరుకున్న నాలుగు ముక్కలతోనే పని జరిగిపోయింది.

ముందు సిరహాసార్ అనే మండపానికి తీసుకెళ్ళాడు. లోపల నేల తవ్వి గుంట చేశారు. ఆ గుంటలో ఒక హల్బా కుర్రాడు కూర్చుని ఉన్నాడు. నవరాత్రి తొమ్మిది రోజులూ అక్కడే, ఉపవాసం, కదలకూడదు. పండగ ఏ ఆటంకం లేకుండా సాగాలని అందరి తరఫునా ఆ తపస్సు. జోగీ అంటారు. "రాజు కూర్చోడా?" అన్నా. ముసలాయన నవ్వాడు. "రాజు పండగ మా వాడు కూర్చుంటేనే నడుస్తుంది" అన్నాడు.

అప్పుడు చెప్పాడు కాచన్ గాదీ సంగతి. అది మహాలయ అమావాస్యనాడు జరుగుతుంది, మేం వెళ్ళేటప్పటికే అయిపోయింది. తర్వాత నా పెళ్ళయ్యాక మీ నాయనమ్మతో వెళ్ళి చూశా. మిర్గాన్ కులం వాళ్ళు, నేతపని వాళ్ళు. వాళ్ళింటి చిన్నపిల్ల మీదికి కాచన్ దేవి వస్తుంది. మారేడు ముళ్ళు పరిచిన ఉయ్యాల మీద ఆ పిల్లని పడుకోబెట్టి ఊపుతారు. రాజు వచ్చి చేతులు జోడించి అడగాలి: అమ్మా, దసరా చేసుకోమంటావా? ఆ పిల్ల ఊఁ అని పువ్విస్తే పండగ. లేకపోతే లేదు. రాజ్యమంతా ఎవరి మాట మీద ఆగుతుందిరా? మంత్రి మాట మీదా, సేనాపతి మాట మీదా? నీ చెల్లెలికన్నా చిన్నపిల్ల మాట మీద.

మైసూరు దసరా పది రోజులు. బస్తర్ దసరా డెబ్బై అయిదు. మన లెక్కలో ఆషాఢ అమావాస్యనాడు, అక్కడ హరేలీ అంటారు, అడవి నుంచి మొదటి దుంగ వచ్చి పూజందుకుంటుంది. అక్కడి నుంచి ఆశ్వయుజం దాకా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. ఇందులో రాముడు లేడు, రావణుడి బొమ్మ తగలెయ్యడం లేదు. అంతా దంతేశ్వరి అమ్మదే. రథం చెయ్యడానికి వడ్రంగులు రెండు ఊళ్ళ నుంచే రావాలి, బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్. లాగే తాళ్ళు మన అడవుల్లో దొరికే అడ్డతీగ నారతో పేనుతారు. మనం విస్తళ్ళు కుట్టుకునే ఆకు తీగే. అంత రథాన్ని ఆ నారే లాగుతుంది. పదిహేనో శతాబ్దంలో బస్తర్ రాజు పురుషోత్తమదేవుడు పూరీ జగన్నాథుడి దగ్గర రథపతి అనే బిరుదు తెచ్చుకున్నాడు, పదహారు చక్రాల రథంతో సహా. అందులో నాలుగు చక్రాలు జగన్నాథుడి గోంచా పండక్కి పోయాయి. దసరాకి ఇప్పుడు ముందు రోజుల్లో నాలుగు చక్రాల పూల రథం, విజయదశమికి ఎనిమిది చక్రాలది.

నవమి రాత్రి మావలీ అమ్మ పల్లకీ దంతెవాడ నుంచి వచ్చింది. డోళ్ళు, తుడుములు, కొమ్ము బూరలు, కాగడాలు. పల్లకీకి ఎదురెళ్ళడానికి రాజకుటుంబం వాళ్ళు కాలినడకన రావాలి, భుజం పట్టాలి. మా నాయన నన్ను మెడ మీద ఎక్కించుకున్నాడు. పదకొండేళ్ళ గాడిదని! పైనించి చూస్తే కొమ్ములు, నెమలీకలు, గవ్వల పట్టీలు... తల అంటూ ఎక్కడా కనబడలేదు.

దశమినాడు రథం. తాటిచెట్టంత కొయ్య మేడ నడిచొస్తున్నట్టుంది. లాగేది కిలేపాల్ వైపు మాడియాలు, వందలమంది. చక్రం కదిలితే కడుపులో గడగడలాడింది. నా చూపంతా పైనే. పై అంతస్తులో సింహాసనం ఉంటుందని, రాజు కుటుంబం నుంచి ఎవరో ఒకరు కూర్చుంటారని నా ఆశ. రథం దగ్గరకొచ్చింది. పైన పూజారి, ఆయన చేతిలో ఒక గొడుగు. అమ్మ ఛత్రం. అంతే.

"రాజేడి నాయనా?" అన్నా ఏడుపు గొంతుతో.

మా నాయన కాసేపు ఆగి అన్నాడు. "రాజు ఎక్కినప్పుడు కూడా అమ్మ పూజారిగానే ఎక్కాడురా. ఆ చోటు ఆయనది కాదు, ఆయన కాపలా మాత్రమే. ఇప్పుడు ఎవరిదో వాళ్ళే ఎక్కారు." నాకు అర్థం కాలేదు. అర్థమైంది ఏంటంటే, చుట్టూ అంత జనం, ఆ ఉత్త గొడుగుకే మొక్కుతున్నారు. సంతలో అమ్మే పటాల్లో అమ్మ బొమ్మ పక్కన పొడుగు జుట్టు రాజు బొమ్మా ఉంది. ఇప్పటికీ ఉంటుంది. నువ్వు చూసిన మైసూరు అంబారీలో మాత్రం ఇప్పుడెవరున్నారు? చాముండేశ్వరి అమ్మే కదా. రాజులు దిగిపోయారు, అమ్మలు మిగిలారు.

అసలు తమాషా ఆ రాత్రి. రథాన్ని దొంగిలించేస్తారు! అవును, మాడియాలూ గోండులూ కలిసి ఎనిమిది చక్రాల రథాన్ని లాక్కుపోయి ఊరవతల కుమ్హడాకోట్ అడవిలో దాచేస్తారు. మరునాడు ఏకాదశి. రాజు ఏం చెయ్యాలి? సైన్యాన్ని పంపించాలా? కాదు. తనే అడవికెళ్ళాలి. వాళ్ళ మధ్య కూర్చుని, వాళ్ళు పెట్టిన కొత్త బియ్యం అన్నం తినాలి. బతిమాలి రథం తెచ్చుకోవాలి. ప్రతి ఏడూ దొంగతనం, ప్రతి ఏడూ బతిమాలడం. మా నాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏ రాజ్యంలో ఉందిరా ఇది" అన్నాడు.

ఆ తర్వాత మురియా దర్బారు. 1876 నుంచి జరుగుతోంది. ఊళ్ళ మాంఝీలు, చాల్కీలు వచ్చి రాజు ముందు తమ కష్టం చెప్పుకుంటారు, రాజు వినాలి. 1876 ఎలాంటి ఏడనుకున్నావు? మురియాలు తిరగబడ్డ ఏడు. వినకపోతే ఏమవుతుందో తెలిశాక పెట్టిన దర్బారది. ఇప్పుడు ముఖ్యమంత్రులొచ్చి కూర్చుంటున్నారు ఆ చోట.

తిరుగు ప్రయాణంలో ఇంకో కథ చెప్పాడు, మన దక్షిణం వైపుది. 1859లో హైదరాబాదు నుంచి వచ్చిన గుత్తేదార్లు ఈ అడవుల్లో సాల చెట్లు నరకడం మొదలుపెట్టారు. ఎవర్నీ అడగలేదు. దోర్లలు ఏకమై ఒకే మాట చెప్పారు: ఒక చెట్టుకి ఒక తల. అన్నంత పనీ చేశారు. చివరికి ఆంగ్లేయుల ప్రభుత్వమే ఆ గుత్తలు ఆపించాల్సి వచ్చింది. 1910లో భూంకాల్ తిరుగుబాటు లేచినప్పుడు ఊరూరికీ కబురు వెళ్ళింది కాగితం మీద కాదు, మామిడికొమ్మ, మట్టి, మిరపకాయలు, బాణం. ఆ గుర్తులు చూస్తే చాలు, నాయకుడు గుండాధుర్ పిలిచాడని అర్థం.

నేను లారీ మీద బస్తాకి ఆనుకుని విన్నా. రాజు అడుగుతాడు, ముళ్ళ మీది పిల్లని. రాజు అడుగుతాడు, రథం దొంగల్ని. గుత్తేదార్లు అడగలేదు, తలలు పోయాయి. ఇదంతా బుర్రలో తిరుగుతుంటే నోరు ఊరుకోలేదు. "నాయనా, మరి మనం అడిగామా?" అన్నా.

తోంగ్‌పాల్ దాకా మాట్లాడలేదు ఆయన. కోపమొచ్చిందనుకున్నా. లారీవాడు బీడీకి ఆపాక అన్నాడు: "స్థలం అడిగానురా. దోర్నపాల్ వచ్చినప్పుడు ఊరి పెద్ద దగ్గరకెళ్ళి, కోడి పెట్టి, ఇప్పసారా పెట్టి, ఇక్కడ గుడిసె వేసుకోనా అని అడిగా. ఆయన మట్టి తీసి నా చేతిలో పెట్టాడు." మళ్ళీ ఆగి, "సారపప్పు ధర మాత్రం అడగలేదు" అన్నాడు.

నీకు తెలీదులే ఆ వ్యాపారం. దోర్లలకి ఉప్పు కావాలి. వాళ్ళ దగ్గర సారపప్పు ఉంది. తక్కెడలో ఒక పక్క ఉప్పు, ఒక పక్క సారపప్పు, తూకానికి తూకం. బస్తర్ సంతలన్నిటా అదే లెక్క. పట్నంలో ఆ పప్పు ఎంత పలుకుతుందో వాళ్ళకెవరు చెబుతారు? మనవాళ్ళు చెప్పలేదు, మార్వాడీలు చెప్పలేదు. మన ఇంటి మొదటి పెంకులు ఆ తూకంలోంచి వచ్చినవే. ఎందుకు దాచాలి?

ఊరొచ్చాక మా నాయన మహాత్ముడైపోయాడని చెప్పను. అలా ఎవడూ అవడు. కాకపోతే సంతలో ఉప్పుకి వేరే డబ్బులు, పప్పుకి వేరే డబ్బులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పక్క కొట్టువాళ్ళు తిట్టారు. మా అమ్మ కూడా సణిగింది. లాభం తగ్గింది. కానీ 2005 తర్వాత ఈ ఊరు పల్లెలు వదిలి వచ్చినవాళ్ళ శిబిరాలతో నిండిపోయి, ఈ రోడ్డు మీద చీకటి పడితే కుక్క కూడా నడవని రోజులొచ్చినప్పుడు, మన గుమ్మం ముందు బియ్యం సంచి పెట్టి వెళ్ళినవాళ్ళున్నారు. ఎవరో నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. అమ్ముకునేవాడికి ఎవరైనా ఊరికే ఎందుకు పెడతారో నువ్వే ఆలోచించుకో.

2022 జూలైలో ఓరుగల్లులో కాకతీయ ఉత్సవం పెట్టి, బస్తర్ నుంచి కమల్‌చంద్ర భంజ్‌దేవ్‌ని పిలిచారు కదా, టీవీలో చూశాం. అన్నమదేవుడు దాటి వచ్చిన గోదావరిని ఏడొందల ఏళ్ళకి తిరిగి దాటి వెళ్ళారు ఆ వంశం వాళ్ళు. భద్రకాళి గుడికెళ్ళారు. మీ నాన్న "ఇంటికెళ్ళాడు రాజు" అన్నాడు. నాకలా అనిపించలేదు. ఆయన ఇల్లు ఇదే. అక్కడ చుట్టపుచూపు. తిరిగి చూసిన చోటే అమ్మ ఆగుతుంది కదా, ఆగిన చోటే మన ఊరు.

అందుకని ఆ పాత మేడని ఫోనులో కొలవకు. మైసూరు కోటలో దీపాలు లెక్కపెట్టొచ్చు. జగదల్‌పూర్‌లో ఎవరెవర్ని అడిగితే ఆ రథం కదులుతుందో లెక్కపెట్టు: నేతగాళ్ళ పిల్ల, గుంటలో హల్బా కుర్రాడు, ఉమర్‌గావ్ వడ్రంగులు, నార పేనేవాళ్ళు, కిలేపాల్ మాడియాలు, రథం దొంగలు. ఆ లెక్క తేలాకే రాజు. అంతకుముందు ఉత్త మేడే, నువ్వన్నట్టు.

చూశావా, మాటల్లో పడి చింతపిక్కలు మాడ్చేశాం. ఆ కింద ఉన్నవి బాగున్నాయిలే, తీసుకో.

ఇంతకీ పోలంపల్లి దుకాణం సంగతేంటి? గది చూశావు, అడ్వాన్సు ఇచ్చావు, బోర్డు రాయించావు. అన్నీ చేశావు. ఆ ఊరి పెద్దని కలిశావా? ...లేదా? గది అద్దెకిచ్చినవాడిది అయితే అయిందిరా, నేల ఊరిది. రేపు నేనూ వస్తా. కోడిని నేను పట్టుకుంటా, బండి నువ్వు తోలు.